తపింపజేసేదీ, కురిపించేదీ

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు అర్జునునితో ఇలా అంటాడు:

తపామ్యహమహం వర్షం నిగృహ్ణామ్యుత్సృజామి చ
అమృతం చైవ మృత్యుశ్చ సదసచ్చాహమర్జున

సూర్యుడై తపింపజేసేదీ, వానను నిలిపి ఉంచేదీ, విడిచిపెట్టేదీ తానేననీ, అమృతమూ మృత్యువూ తానేననీ భావం. ఉష్ణమండలంలో నేలమీద పుట్టి నేలమీదే అణగారిపోయే ఉరుముల వానను గమనిస్తే ఈ మాటలన్నీ ఒకే క్రమంలో దర్శనమిస్తాయి.

పగటి ఎండకు కాగిన నేల తనను ఆనుకున్న తేమగాలిని వేడెక్కించి పైకి పంపుతుంది. ఆ గాలి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతూ ఒక ఎత్తులో మేఘమవుతుంది. ఆవిరి నీటి బిందువులుగా మారేటప్పుడు అందులో దాగిన వేడి, కిలో నీటికి దాదాపు 25 లక్షల జౌళ్లు, బయటపడి మేఘాన్ని ఇంకా పైకి తోస్తుంది. ఎక్కడో నీటిని ఆవిరి చేసిన ఎండే మేఘగర్భంలో మళ్లీ ప్రత్యక్షమవుతోందన్నమాట. భగవానుడు వానకంటే ముందు తాపాన్ని చెప్పడం ఎంత సహజమో ఇక్కడ తెలుస్తుంది. ఆ బలంతో మేఘం 15 కిలోమీటర్లకు పైగా ఎదిగి, కమ్మరి దాగలి ఆకారంలో పైన పరుచుకుంటుంది. ఎగసే గాలి బలంగా ఉన్నంతసేపూ చినుకులు నేలకు దిగలేవు. నిగ్రహమంటే ఇదే.

వాన విడుదలతోనే మేఘానికి క్షయం మొదలవుతుంది. పడే చినుకులు గాలిని తమతో కిందికి ఈడుస్తాయి. కొన్ని దారిలోనే ఆవిరై ఆ గాలిని చల్లబరచి బరువెక్కిస్తాయి. అది నేలను తాకి ఈదురుగాలిగా నలుదిక్కులా పాకి, మేఘానికి ప్రాణమైన వెచ్చని గాలిని అడ్డగిస్తుంది. అందువల్ల ఒంటరి మేఘం చాలావరకు గంటలోపే నీరసిస్తుంది. అయితే ఆ చల్లగాలి అంచే ముందుకు సాగుతూ, ఎదురైన తేమగాలిని పైకెత్తి, పక్కన కొత్త మేఘాన్ని పుట్టిస్తుంది. ఒకదానికి మృత్యువైనది మరొకదానికి అమృతం. ఇలా గొలుసుకట్టుగా చేరిన మేఘాలు వంద కిలోమీటర్లకు మించిన వ్యవస్థగా ఎదిగి, పాతబడిన పొరల నుంచి గంటల తరబడి నిదానంగా కురుస్తాయి. నేల చల్లబడి కొత్త మేఘాలకు ఊతం తగ్గాక క్రమంగా చెదిరిపోతాయి.

ఈ శ్లోకం చదివేటప్పుడు మృత్యువన్న మాటను మెత్తబరచుకోకూడదని నా విశ్వాసం. మంచు పలుకులు, చిన్న వడగళ్లు ఒరుసుకోవడం వల్ల పుట్టే విద్యుత్తే పిడుగై ప్రాణాలు తీస్తుంది. అదీ ఆయన విభూతిలోనిదే. ఉరుము వినిపించగానే చెట్టు నీడను విడిచి, గట్టి కట్టడంలోకి చేరి ఈ శ్లోకాన్ని స్మరించడం శరణాగతికి ఏమాత్రం లోపం కాదు.