వీసా అక్కర్లేదు సరే, మరి ఈ ఫైలెందుకు?

"వీసా అక్కర్లేదు కదా, ఇంకేం, పాస్‌పోర్టూ టికెట్టూ పట్టుకుని వెళ్ళిపోవడమే." 2024 డిసెంబరు దాకా నేనూ ఇదే మాట అనేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా అలా అంటే వాళ్ళని కూర్చోబెట్టి ఓ గంట క్లాసు పీకుతున్నాను, లోపల్నుంచి మా ఆవిడ "మళ్ళీ మొదలెట్టారా" అంటోంది. ఒకసారి రాసి పడేస్తే ఈ గోల వదులుతుందని కూర్చున్నాను.

సంగతేంటంటే, మా పిన్ని కూతురు కౌలాలంపూర్‌లో ఉంటుంది, దానికి పాప పుట్టింది. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళని 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది, ఆ వెసులుబాటుని 2026 చివరి వరకూ పొడిగించారు కూడా. దానికి తోడు 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి నేరుగా విమానం మొదలుపెట్టారు. ఇంక మా అమ్మ ఊరుకుంటుందా? ఆవిడా, నేనూ, మా ఆవిడా, ఎనిమిదేళ్ళ మా వాడూ, పది రోజులకి బయల్దేరాం.

వీసా కావాల్సిన దేశమైతే ఎక్కడ ఉంటావు, ఎన్నాళ్ళుంటావు, ఖర్చులకి డబ్బెక్కడిది, తిరిగొస్తావని నమ్మకమేంటి అని ఎంబసీ వాళ్ళు ముందే కాగితం మీద అడిగేస్తారు. మనం తీరిగ్గా ఇంట్లో కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి పంపిస్తాం. వీసా తీసేసినంత మాత్రాన ఆ ప్రశ్నలు ఎక్కడికీ పోవు. అవే ప్రశ్నలు నిద్రకళ్ళతో, ఓ చేత్తో పిల్లాణ్ణీ ఇంకో చేత్తో బ్యాగునీ పట్టుకుని నిలబడ్డప్పుడు కౌంటరు అవతలి మనిషి అడుగుతాడు. జవాబూ అప్పటికప్పుడే, కాగితమూ అప్పటికప్పుడే.

ఆ అడిగే మొదటి మనిషి మలేషియాలో కూడా ఉండడు, మన విశాఖ ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్లోనే ఉంటాడు. రానివ్వకూడని మనిషిని తీసుకొస్తే ఆ దేశం విమానం వాళ్ళకి జరిమానా వేస్తుంది, ఆ మనిషిని వెనక్కి మోసుకురావాల్సిందీ వాళ్ళే. అందుకని ఏ పాస్‌పోర్టుకి ఏ దేశంలో ఏ కాగితాలు కావాలో టిమాటిక్ అనే డేటాబేస్‌లో చూసి, అవి ఉంటేనే బోర్డింగ్ పాస్ ఇస్తారు. అక్కడ "వీసా ఫ్రీ కదండీ" అని వాదించి లాభం లేదు, తిరుగు టికెట్ చూపించమంటారు, చూపించాలి అంతే.

మాకు మొదటి దెబ్బ పిల్లాడి పాస్‌పోర్టుతో తగిలింది. పెద్దవాళ్ళకి పదేళ్ళు ఇస్తారు కాబట్టి మనం దాని తేదీ గురించే మర్చిపోతాం, కానీ పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళే. మా వాడిది 2025 మే నెలలో అయిపోతుంది, మేము దిగేది డిసెంబరు చివర్లో. "ఇంకా అయిదు నెలలుంది కదా" అన్నాను నేను గొప్పగా. దిగే రోజు నుంచి లెక్కేస్తే కనీసం ఆరు నెలలు ఉండాలి! మా ఆవిడ నవంబరు మొదట్లోనే చూసింది కాబట్టి సరిపోయింది, మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగి, ఇద్దరం డిక్లరేషన్ మీద సంతకాలు పెట్టి తత్కాల్‌లో కొత్తది తెచ్చుకున్నాం. కొత్త పాస్‌పోర్టు వస్తే నంబరు మారిపోతుంది, టికెట్లో పాత నంబరు ఇచ్చి ఉంటే అది కూడా మార్పించుకోవాలి, మేం దాన్ని మర్చిపోయి ఆఖరి వారంలో పరుగెత్తాం.

తర్వాత పేర్లు. తెలుగువాళ్ళం కాబట్టి ఈ బాధ మనకి కొంచెం ఎక్కువే. మా ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉంది, నేను టికెట్లన్నీ వరసగా బుక్ చేస్తూ అందరికీ మా ఇంటిపేరే కొట్టేశాను. ఆధార్‌లో ఎలా ఉంది, పెళ్ళి సర్టిఫికెట్‌లో ఎలా ఉందన్నది ఎవరికీ పట్టదు, పాస్‌పోర్టులో ఏ అక్షరం ఉంటే టికెట్లో అదే ఉండాలి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే చోట ఉంటుంది, వాళ్ళు టికెట్ కొనే ముందే ఆ విమానం వాళ్ళని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక ఆన్‌లైన్ ఫారం. మలేషియాకి డిజిటల్ ఎరైవల్ కార్డు ఉంది, దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోనే నింపాలి, మనిషికొకటి, పిల్లలకి కూడా. థాయ్‌లాండ్ కూడా 2025 మే 1 నుంచి ఇలాంటిదే పెట్టింది, అక్కడా మూడు రోజుల లెక్కే. రెండూ ఉచితం. వెతకగానే పైన కనబడే సైట్లలో కొన్ని ప్రభుత్వానివి కావు, ఫీజు అడిగిందంటే తప్పు సైట్లోకి వెళ్ళారని అర్థం. ఇది నింపుతున్నప్పుడే మా ఇంట్లో పెద్ద గొడవైంది. అమ్మ పుట్టినతేదీ పాస్‌పోర్టులో జూలై 1, ఆ రోజుల్లో బళ్ళో మాస్టారు వేసేసిన తేదీ. ఆవిడేమో "దీపావళి వెళ్ళాక నాగులచవితి ముందు రోజు పుడితే జూలై ఏటిరా" అని పట్టుబట్టింది. అక్కడ ఎవరైనా అడిగితే జూలై 1 అనే చెప్పమని బతిమాలుకున్నాం.

అన్నీ అయ్యాయనుకున్నాక అసలు కథ విశాఖ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దగ్గర జరిగింది. నేనూ మా ఆవిడా పిల్లాడూ ఒక కౌంటరు, అమ్మ పక్క కౌంటరు. అమ్మ కౌంటర్లో ఆఫీసరు తెలుగాయనే, మర్యాదగానే అడిగాడు. "ఎందుకు వెళ్తున్నారమ్మా?"

"మా చెల్లెలి కూతురు బాలింత బాబూ. ఎవరున్నారు అక్కడ దానికి? ఓ నాలుగు నెలలుండి పసిదానికి నీళ్ళు పోసి, వాళ్ళకింత వండిపెట్టి వద్దామని."

నాలుగు నెలలు! మా టికెట్ పది రోజులకి, ఆ దేశం ఉండనిచ్చేది 30 రోజులు. అది ఆవిడ కోరిక, ప్లాన్ కాదు, కానీ కౌంటర్లో రెండింటికీ తేడా ఎవరికి తెలుస్తుంది? పైగా వండిపెట్టడం అంటే పనికి వెళ్తున్నట్టే వినిపిస్తుంది. ఆయన పాస్‌పోర్టు చివరి పేజీ తిప్పి చూశాడు, అక్కడ ఈసీఆర్ అని ఉంది.

ఈసీఆర్ అంటే ఉద్యోగానికి వెళ్ళేటట్టయితే ప్రభుత్వం అనుమతి కావాలని. పదో తరగతి పాసవ్వని వాళ్ళ పాస్‌పోర్టు మీద వేస్తారు, గల్ఫ్ దేశాలతో పాటు మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియా కలిపి 18 దేశాలకి ఇది వర్తిస్తుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం నుంచి వచ్చింది. ఊరు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఆ అనుమతి అక్కర్లేదు, కానీ తిరుగు టికెట్ చూపించాలి. యాభై దాటినవాళ్ళకైతే అసలు ఆ ముద్రే అక్కర్లేదు, అమ్మకి 61. అప్లికేషన్ నింపినవాళ్ళకి తట్టలేదు, మేమూ చివరి పేజీ ఏనాడూ తిప్పి చూడలేదు.

అమ్మ నన్ను చూపించి "అదంతా మా అబ్బాయికి తెలుసు" అంది. నన్ను పిలిచారు. నాలుగు తిరుగు టికెట్లు, చెల్లి వాళ్ళాయన ఎంప్లాయ్‌మెంట్ పాస్ (అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) కాపీ, వాళ్ళింటి అడ్రసుతో రాసిచ్చిన ఉత్తరం, నా ఆఫీసు లీవు లెటరు అన్నీ తీసి పెట్టాను. ఓ ఇరవై నిమిషాలు పట్టింది. నాకు కాళ్ళు వణికాయి, అమ్మ మాత్రం ఆయన పిల్లలెంతమందో కనుక్కుంటోంది.

ఆయన మీద నాకు కోపమేం లేదు. అదే ఏడాది మే నెలలో మన విశాఖ పోలీసులే కాంబోడియా కేసు బయటపెట్టారు కదా, డేటా ఎంట్రీ ఉద్యోగమని మన కుర్రాళ్ళని టూరిస్టు వీసాల మీద పంపించి అక్కడ సైబర్ మోసాలు చేయించారు. ఒంటరిగా వెళ్ళే పాతికేళ్ళ కుర్రాణ్ణి నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతున్నారంటే కారణం ఉంది. మీ తమ్ముడో మరిదో అలా వెళ్తుంటే హోటల్ బుకింగు, తిరుగు టికెట్టు, ఉద్యోగం ఉంటే లీవు లెటరు తప్పకుండా చేతిలో పెట్టి పంపండి.

కాగితాలన్నీ ఫోన్లో ఉన్నాయి కదా అంటారేమో. నేనూ పీడీఎఫ్‌లే చాలనుకున్నాను, మా ఆవిడ వినకుండా ద్వారకానగర్ జెరాక్స్ షాపులో ఒక్కొక్కరికి ఒక్కో సెట్టు తీయించింది. ఇమిగ్రేషన్ దగ్గర ఫోను తీసి మెయిల్ వెతుక్కోవడం కన్నా ఆ ప్లాస్టిక్ ఫోల్డరు వంద రెట్లు నయం. అసలు తప్పెక్కడంటే, కాగితాలన్నీ నా ఒక్కడి దగ్గరే పెట్టుకున్నాను. అమ్మ సెట్టు అమ్మ చేతికి ఇవ్వాల్సింది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. మన రూపాయలు 25,000 మించి బయటికి పట్టుకెళ్ళకూడదు, విదేశీ నోట్లయితే ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా. మేం కొన్ని రింగిట్లు (మలేషియా డబ్బు), ఒక ఫారెక్స్ కార్డు తీసుకెళ్ళాం, ఎవరూ అడగలేదు, కానీ అడిగితే చూపించడానికి ఉండాలి. వీసా గడువులు కూడా మారుతుంటాయి, థాయ్‌లాండ్ మనకి 2023 నవంబరులో 30 రోజులిచ్చి 2024 జూలైలో 60 చేసింది. పోయిన ఏడాది వెళ్ళొచ్చిన బావగారు చెప్పింది నమ్మకుండా టికెట్ కొనే ముందు ఆ దేశం వాళ్ళ సైటే చూడండి. నేపాల్‌కి ఆధార్ చాలు అనే మాట కూడా అందరికీ నిజం కాదు, అది 15 ఏళ్ళలోపు పిల్లలకీ 65 దాటినవాళ్ళకీ మాత్రమే. మిగతావాళ్ళం పాస్‌పోర్టో ఓటరు కార్డో పట్టుకెళ్ళాలి.

విమానంలో అమ్మకి పాఠం చెప్పాను. ఎన్ని రోజులు? పది. ఎవరింటికి? చెల్లెలి కూతురింటికి. ఎందుకు? చూడ్డానికి. వంట మాటెత్తకు. "ఏటిరా, పెళ్ళిచూపులకి తీసుకెళ్తున్నట్టు" అంది గానీ పొడుగునా వల్లెవేసింది. తీరా కౌలాలంపూర్‌లో ఇమిగ్రేషన్ కౌంటర్లో ఉన్న అమ్మాయి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చూపుడు వేళ్ళు పెట్టమంది, ఏళ్ళ తరబడి అంట్లు తోమి అరిగిపోయిన వేళ్ళు కదా, మూడోసారికి గానీ పడలేదు, ముద్ర కొట్టి పంపించేసింది. అమ్మ మాత్రం వదల్లేదు, పాస్‌పోర్టు తీసుకుంటూ "టెన్ డేస్" అని చెప్పే కదిలింది.

ఇప్పుడు ఆ ఈసీఆర్ ముక్క తీయించడానికి రీఇష్యూకి అప్లై చేశాం, వచ్చే బుధవారం అపాయింట్‌మెంట్. పనిలో పనిగా ఆ జూలై 1 కూడా నాగులచవితి ముందు రోజుకి మార్పించమని అమ్మ పట్టు.