టాకాలు వేయకుండా కుట్టిన పట్టు జాకెట్టు

పోయిన శ్రావణమాసంలో పోచంపల్లి పట్టు చీరకు జాకెట్టు కుట్టుకుంటూ, పట్టుకూ లైనింగుకూ టాకాలు (పొరలు జరగకుండా ముందుగా చేత్తో వేసి, తరువాత తీసేసే కుట్లు) వేయకుండానే ముక్కలను మిషను మీద పెట్టాను. గుండుసూదులు గుచ్చాను కదా, అవి చాలునని ధీమా. వీపు ముక్క ఎడమ చంక వంపు చుట్టూ ఒక వరస కుట్టేసరికి లైనింగు ముందే అయిపోయి, పైన పట్టు దాదాపు సెంటీమీటరు మిగిలిపోయింది. కుట్టు విప్పితే సూది రంధ్రాలు పట్టు మీద చుక్కల వరసలా అలాగే నిలిచిపోయాయి. నూలు బట్టయితే తడిపి ఇస్త్రీ చేస్తే చాలావరకు పూడుకునేవి.

తప్పు మిషనుది కాదు. దాని పళ్లు అడుగు పొరను పట్టి వెనక్కి లాగుతుంటే, పైనున్న పాదం పై పొరను అదిమి కొంత ఆపుతుంది. అందువల్ల రెండు పొరలూ ఒకే వేగంతో కదలవు, జారే బట్టలో ఈ తేడా మరింత పెరుగుతుంది. గుండుసూది ఒక్కచోటనే పట్టి ఉంచుతుంది. రెండు సూదుల మధ్య బట్ట జరగకుండా ఆపేది టాకాల వరస మాత్రమే.

మా పిన్ని టాకాలు వేసే తీరు చూస్తే ఇది తొందరపడి చేసే పని కాదని తెలుస్తుంది. బట్టను ఒడిలో పెట్టుకోకుండా బల్ల మీద పరిచి, మధ్య నుంచి అంచుల వైపు అరచేత్తో సవరిస్తూ, సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర పొడవున కుట్లు వేస్తుంది. చంక, మెడ వంపుల దగ్గర మాత్రం అర సెంటీమీటరుకు తగ్గిస్తుంది. మిషను కుట్టు పడే గీత మీద కాకుండా, దానికి రెండు మిల్లీమీటర్లు బయటగా, మార్జిన్‌లోనే ఆ వరస నడుస్తుంది. గీత మీదే వేస్తే టాకా దారం మిషను కుట్టులో ఇరుక్కుని, తీసేటప్పుడు ప్రాణం తీస్తుంది. దారం మొదట ముడి ఉంటుంది, చివర ముడి ఉండదు, ఒక వెనక్కుట్టు చాలు.

దారం మెత్తటి నూలుదే కావాలి. పాలియెస్టరు దారం గట్టిది కనుక లాగినప్పుడు అది తెగకుండా పట్టే చిరుగుతుంది. రంగు బట్ట నుంచి తేడాగా కనిపించాలి కానీ, లేత పట్టు మీద ముదురు ఎరుపో నలుపో వేస్తే రంగు అంటుకునే ప్రమాదం ఉంది.

పోచంపల్లి లాంటి ఇక్కత్ బట్టకు ఇంకో చిక్కుంది. నేయకముందే దారాలకు రంగు అద్దుతారు కనుక బొమ్మల అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. అందువల్ల లోపలి వైపు నుంచి చూస్తూ జోడిస్తే వీపు మధ్యలో బొమ్మ కలిసిందో లేదో తేలదు. అలాంటి చోట ఒక ముక్క అంచును లోపలికి మడిచి, రెండో ముక్క గీత మీద ఆనించి, బొమ్మను కళ్లెదుట కలుపుకుంటూ, మడత లోపల నుంచి ఒక కుట్టు, అడుగు బట్టలో ఒక కుట్టుగా పై వైపు నుంచే టాకా వేస్తారు. ఆ తరువాత ముక్కలను తిరగేసి మిషను కుట్టు వేసుకోవచ్చు. చీర ఫాల్‌కు కూడా టాకాలు తప్పనిసరి అనే నేనంటాను, అదీ ఫాల్‌ను ముందే నీళ్లలో తడిపి ఆరబెట్టిన తరువాత.

తీసేటప్పుడు దారం కొన పట్టి బరబరా లాగకూడదు. మూడు నాలుగు కుట్లకొకసారి కత్తిరించి, చిన్న ముక్కలుగా వేళ్లతో తీయాలి. టాకాలు ఉండగా పట్టును గట్టిగా ఇస్త్రీ చేస్తే దారం అచ్చు మెరుపు మీద పడి వదలదు.

నా జాకెట్టు విషయానికొస్తే, రెండోసారి టాకాలు వేసే కుట్టాను. ఆ రంధ్రాలు ఎడమ చంక వెనుక ఉన్నాయి కనుక పమిట వాటిని కప్పేస్తోంది.