దింపు లెక్కల పుస్తకంలో ఒక అంకె

సంక్రాంతికి వచ్చినప్పుడల్లా అమ్మ అడిగేది ఒకటే: "ఆ నీళ్లు తోడడం ఇంకా అవలేదేరా?" రాజోలు దగ్గర మా ఊళ్లో ఇంజను పెడితే చేపల చెరువైనా రెండు రోజుల్లో ఖాళీ అవుతుంది గనుక, న్యూజెర్సీలో పదకొండేళ్లుగా ఒకే స్థలంలో నీళ్లు పరీక్షిస్తున్నానంటే ఆమెకు నా ఉద్యోగం మీదే అనుమానం.

ఆ స్థలంలో ఒకప్పుడు లోహపు విడిభాగాలు తయారయ్యేవి. వాటి జిడ్డు వదిలించిన ట్రైక్లోరోఇథిలీన్‌ను ఏళ్ల తరబడి పెరటి గోతిలో పారబోశారు. నీటికన్నా బరువైన ఆ ద్రవం ఇసుక పొరల గుండా కిందికి దిగి, బంకమట్టిలో ఇంకి, భూగర్భ జలంలోకి కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటుంది. తాగునీటిలో దానికి అమెరికా సమాఖ్య ప్రభుత్వం పెట్టిన హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములే కాబట్టి, నీటిని తోడి శుద్ధిచేసే పంపులను ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

నయాగరా ఫాల్స్ పట్టణంలో, రసాయన వ్యర్థాలు పూడ్చిన లవ్ కెనాల్‌ను ఆనుకుని ఇళ్లూ బడీ వెలసిన సంగతి 1978లో దేశమంతా గగ్గోలయ్యాక, 1980లో ఇలాంటి కలుషిత స్థలాలను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. పాడుచేసినవారి చేతనే ఖర్చు పెట్టించడం దాని మూలసూత్రం. వారు దొరకనిచోట వాడే నిధికి ఆధారమైన రసాయన, చమురు పన్నులు 1995లో ఆగిపోగా, మొదటిది 2021 చట్టంతో, రెండోది 2022 చట్టంతో గానీ తిరిగి రాలేదు. బాధ్యులెవరో తేల్చే వ్యాజ్యాల్లో న్యాయవాదులు గడించినంత మా బోటివాళ్లం ఏనాడూ గడించలేదన్నది వేరే మాట.

నా పని మాత్రం 40 మిల్లీలీటర్ల సీసాతో. నీరు అంచు దాటి గుబ్బలా ఉబికేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టాలి. బుడగ కనిపిస్తే మళ్లీ మొదటికే, ఎందుకంటే ఆ రసాయనం ఆ గాలిలోకి తప్పించుకుంటుంది. తరువాత సీసా మంచుపెట్టెలోకి వెళుతుంది. ఎవరు ఎవరికి ఏ గంటకు అప్పగించారో సంతకాలతో సహా కాగితం మీదికి ఎక్కుతుంది. ఒక్క సంతకం లోపించినా ఆ అంకె కోర్టులో నిలుస్తుందన్న భరోసా ఉండదు.

ఈసారి ఇంట్లో ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు వరుసగా కనిపించాయి. చుట్టుపక్కల పొలాలు రొయ్యల చెరువులయ్యాక మా బోరు ఉప్పుదేలిందట. ఎప్పటినుంచని అడిగితే, "పప్పు ఉడకడం మానేసినప్పటి నుంచి" అంది అమ్మ. "మీ దేశంలో అయితే ఎవరి మీద రాస్తారురా?" అన్నారు నాన్న. మునుపు నీరెలా ఉండేదో చూపే అంకె ఉంటేనే ఎవరి మీదనైనా రాయగలరని చెప్పాను. అది మా ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. అమ్మకు గుర్తున్న పప్పు రుచి తప్ప.

మర్నాడు, నీటిలో కరిగిన లవణాలను కొలిచేందుకు వెంట తెచ్చిన టీడీఎస్ మీటరును బోరు నీటిలో ముంచి, వచ్చిన అంకెను నాన్న కొబ్బరి దింపు లెక్కల పుస్తకంలో తేదీ, వేళతో సహా రాయించి, కింద సంతకం పెట్టమన్నాను. "ఇంట్లో పుస్తకానికి సంతకమేమిట్రా" అంటూనే పెట్టి, పక్కన నా చేత కూడా పెట్టించారు.