ఇల్ఖాన్లు: ఖజానా చక్కబడింది, సింహాసనం చక్కబడలేదు

చెంగిజ్ ఖాన్ మనవడు హులగు 1256లో ఇరాన్‌లోని అలమూత్ కోటను, 1258లో బాగ్దాద్‌ను పట్టుకున్నాడు. 1260లో ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టును ఏలే మమ్లూకుల చేతిలో మంగోలు సేన ఓడిపోయింది. ఆ తర్వాత ఇల్ఖాన్లు, అంటే హులగు, అతని వారసులు, సిరియాను గట్టిగా నిలుపుకోలేకపోయారు. యుద్ధాల కథ చాలామందికి తెలిసిందే. ఇరాన్, ఇరాక్‌లను ఏలిన ఈ రాజ్యం 80 ఏళ్లకే ఎందుకు ముక్కలైందో తెలియాలంటే డబ్బు లెక్కలూ పెళ్లిళ్లూ చూడాలి.

1291లో గద్దెనెక్కిన గైఖాతు చేతికి ఎముక లేనివాడు. ఖజానా ఖాళీ అయింది, పశువులకు తెగులు తగిలింది. మంత్రి సద్రుద్దీన్ జంజానీ చైనా పద్ధతిలో కాగితపు డబ్బు వేద్దామన్నాడు. దాని పేరు ‘చావ్’. 1294 సెప్టెంబరులో ఇరాన్‌లోని తబ్రీజ్ నగరంలో అచ్చు నోట్లు బయటికొచ్చాయి. వాటి మీద చైనా లిపి ఉంది, ఇస్లాం విశ్వాస ప్రకటన కూడా ఉంది. విలువలు అర దిర్హం నుంచి 10 దీనార్ల దాకా. నలిగిన నోటు తెచ్చి 10 దీనార్లకు మార్చుకుంటే 9 దీనార్ల కొత్త నోట్లే ఇచ్చేవారు. తీసుకోనన్నవాడికి మరణశిక్ష.

బజారు మూతపడింది. తిండి దొరకలేదు. రెండు నెలల్లోపే చావ్‌ను వెనక్కి తీసుకున్నారు. చైనాలో కాగితం వెనుక దశాబ్దాల అలవాటుంది, పన్నులు కూడా నోట్లలోనే కట్టించుకునేవారు. తబ్రీజ్‌లో మాత్రం వెండి కరువైందని తెలిసిన వర్తకులకే ఆ కాగితం అంటగట్టారు. నా దృష్టిలో తప్పు కాగితానిది కాదు. అది చెల్లడానికి కావలసిన నమ్మకాన్ని గైఖాతు అంతకు ముందే ఖర్చు చేసేశాడు.

ఇదే కాలంలో మార్కో పోలో బృందం చైనాను ఏలుతున్న మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఆస్థానం నుంచి కోకచిన్ అనే రాకుమార్తెను ఓడల మీద ఇరాన్‌కు తీసుకొచ్చింది. ఆమెను పెళ్లికి అడిగిన అర్ఘూన్, గైఖాతుకు ముందటి ఇల్ఖాన్, అప్పటికే చనిపోవడంతో అతని కొడుకు గజాన్‌కు ఇచ్చారు. మోటుపల్లి గురించీ, రుద్రమదేవిగా చరిత్రకారులు గుర్తించే రాణి గురించీ రాసినది ఈ మార్కో పోలోయే.

1295లో గద్దెనెక్కే ముందే ఇస్లాం స్వీకరించిన గజాన్, మంత్రి రషీదుద్దీన్ తోడుగా రాజ్యాన్ని చక్కదిద్దాడు. అంతకు ముందు ఒకే ఊరి మీద ఏడాదిలో పలుమార్లు పన్ను పడేది. రైతులు గుమాస్తా వస్తున్నాడంటే ఇళ్లు వదిలి పారిపోయేవారు. గజాన్ ఏ ఊరు ఎంత, ఎప్పుడు కట్టాలో రాయించి, అందరికీ కనబడేలా రాతి మీదో చెక్క మీదో చెక్కించాలన్నాడు. వెండి దిర్హం బరువు సుమారు 2.15 గ్రాములుగా కుదిర్చి, 6 దిర్హంలు ఒక దీనారు అన్నాడు. తూకాలకు తబ్రీజ్ కొలతే ప్రమాణం. బీడు భూములు సాగు చేసేవారికి పన్నులో రాయితీ ఇచ్చాడు. నేను ఈ చరిత్రలో అన్నిటికంటే మెచ్చుకునేది ఆ చెక్కిన పన్ను పట్టికనే. ఎంత కట్టాలో ఊరికి తెలిస్తే గుమాస్తా ఆటలు సాగవు.

వారసత్వానికి మాత్రం అలాంటి పట్టిక ఎవరూ చెక్కలేదు. చెంగిజ్ వంశంలోని ఏ మగవాడైనా అమీర్ల (సేనానాయకుల) మద్దతుంటే గద్దెకు పోటీపడవచ్చు. గజాన్ 1304లో మరణించాడు. అతని తమ్ముడు ఉల్జైతు సుల్తానియాలో గొప్ప గుమ్మటం కట్టించి 1316లో పోయాడు. చిన్నవాడైన అతని కొడుకు అబూ సయీద్ పేరు మీద సేనాధిపతి చూపాన్ పెత్తనం చేశాడు. 1318లో రషీదుద్దీన్‌ను, ఉల్జైతుకు విషం పెట్టాడనే నెపంతో చంపారు. చూపాన్ కూతురు బాగ్దాద్ ఖాతూన్‌పై అబూ సయీద్ మనసు పడ్డాడు. అప్పటికే ఆమె హసన్ జలాయిర్ అనే అమీరు భార్య. చూపాన్ ఒప్పుకోలేదు. 1327లో చూపాన్ కుటుంబం మీద వేటు పడింది, ఆయన హెరాత్‌కు పారిపోతే అక్కడ చంపేశారు. తర్వాత అబూ సయీద్ ఆమెకు విడాకులిప్పించి పెళ్లాడాడు.

1335లో అబూ సయీద్ మగబిడ్డ లేకుండా పోయాడు. గర్భవతిగా ఉన్న అతని భార్య దిల్షాద్ ఖాతూన్‌కు ఆడపిల్ల పుట్టింది. హులగు తమ్ముడి వంశానికి చెందిన అర్పాను గద్దెనెక్కించారు. అతను ఏడాది కూడా నిలవలేదు. తర్వాత ఒక్కో అమీరు ఒక్కో రాకుమారుణ్ణి గద్దెమీద కూర్చోబెట్టాడు. చూపాన్ కూతురు కోసం అవమానపడ్డ హసన్ జలాయిర్ బాగ్దాద్ కేంద్రంగా సొంత రాజ్యం నిలబెట్టి, అబూ సయీద్ విధవ దిల్షాద్‌ను పెళ్లాడాడు. తబ్రీజ్‌ను చూపాన్ మనవడు పట్టుకున్నాడు. ఈశాన్య ఇరాన్‌లోని ఖురాసాన్‌లో ఇల్ఖాన్ అనిపించుకున్న తఘా తెమూర్‌ను 1353లో అక్కడి తిరుగుబాటుదారులైన సర్బదార్లు చంపారు.