పచ్చబొట్టు లేని ముంజేయి

ఈ రోజు మధ్యాహ్నమంతా ఒక ముంజేతిని చూస్తూనే గడిచిపోయింది. స్నేహితురాలు తన ఫొటో ఒకటి పంపి, చేతి మీది పచ్చబొట్టు కనిపించకుండా చేసిపెట్టమని అడిగింది. కారణం తను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫొటోలో ఉన్నదీ, అడిగిందీ తనే కాబట్టి సరేనన్నాను. ఎదుటి మనిషికి తెలియకుండా ఇలాంటి పని చేయమని ఇంకెవరైనా అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు.

ఫొటోషాప్‌లోకి 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్‌ను (ఎంచుకున్న చోటును ఏఐతో నింపే సాధనం) మొదట వాడి చూశాను. క్షణాల్లో సిరా మాయమైంది గానీ, ఆ చోట చర్మం రంధ్రాలూ నూగూ లేకుండా మరీ నున్నగా వచ్చింది, పక్కనున్న పుట్టుమచ్చ కూడా పచ్చబొట్టుతో పాటే పోయింది. పుట్టుమచ్చను తీసేయమని నన్నెవరూ అడగలేదు! అందుకని దాన్ని రద్దు చేసి, అసలు ఫొటో మీద ఖాళీ లేయర్ (ఫొటో మీద పరిచే పారదర్శకమైన పొర) ఒకటి వేసుకుని పాత పద్ధతిలోనే మొదలుపెట్టాను.

ఆ పద్ధతిలో వాడే హీలింగ్ బ్రష్ మనం చూపించిన చోటి నుంచి చర్మపు గరుకుదనాన్ని తెచ్చి, రంగునూ వెలుగునూ మాత్రం పూసిన చోటి చుట్టుపక్కల నుంచి తీసుకుంటుంది. మొటిమలకూ మచ్చలకూ ఇది బాగా పనికొస్తుంది కానీ, చుట్టుపక్కల ఉన్నది కూడా సిరాయే అయినప్పుడు ఆ నీలం కాస్తా చేతినిండా అలుక్కుపోతుంది. కాబట్టి ముందు, ఒక చోటిని ఉన్నదున్నట్టుగా ఇంకోచోట అచ్చువేసే క్లోన్ స్టాంప్‌తో గీతలను మంచి చర్మంతో కప్పి, ఆ తర్వాతే అతుకుల మీద హీలింగ్ బ్రష్ నడిపాను. చేయి గుండ్రంగా ఉంటుంది కనుక అడ్డంగా చూస్తే వెలుగు అంగుళానికోలా మారుతుంది; నిలువునా, అంటే మణికట్టు నుంచి మోచేతి వైపు చూస్తే చాలా దూరం ఒకేలా ఉంటుంది. అందుకే నమూనా చర్మాన్ని ఎప్పుడూ నిలువు దిశలోనే ఎంచుకున్నాను, దానివల్ల నూగు వాలు కూడా చెడలేదు.

ఇంత చేసినా పలచని నీలిఛాయ మిగిలింది. వెలుగునీడలను వదిలి రంగును మాత్రమే మార్చే కలర్ మోడ్‌లో పెట్టిన మరో లేయర్ మీద పక్క చర్మపు రంగును చాలా తక్కువ ఒపాసిటీతో, అంటే బాగా పలచగా పూస్తే, నీడలు చెదరకుండానే అది పోయింది.

లేయర్లు కలపని ఫైలును కూడా తనకు పంపాను. తను పంపిన రెండో ఫొటోలో చేయి వంచి ఉండడంతో పచ్చబొట్టు పై భాగం మోచేతి మడతలోకి దిగింది. అక్కడి ముడతలను ఒక్కొక్కటిగా గీయక తప్పేలా లేదు, అది రేపు చూడాలి.