ట్యాంకు నిండిందా, మడ్డి నిండిందా?

సెప్టిక్ ట్యాంకు మూత తీసి "పైదాకా నిండిపోయింది" అని కంగారుగా బండిని పిలిపిస్తుంటారు. బయటికెళ్లే పైపు మట్టం దాకా నీళ్లుండటం ట్యాంకుకి మామూలే, నిన్న కట్టిన ట్యాంకైనా కొన్నాళ్లకి అలాగే ఉంటుంది. చూడాల్సింది అడుగున పేరుకున్న మడ్డిని.

8 అడుగుల వెదురు బొంగు తీసుకుని, కింది సగానికి పాత తెల్ల తువ్వాలు చుట్టి పురికొసతో బిగించండి. బయటికెళ్లే పైపు వైపు మూత తీసి, కాసేపు దూరంగా ఉండండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు, లోపలి గ్యాసు అంటుకుంటుంది. లోపలికి వంగకుండా బొంగుని అడుగు తగిలేదాకా నిదానంగా దించి, రెండు మూడు నిమిషాలాగి పైకి తీయండి. నీళ్లున్నంత మేర తువ్వాలు మాసినట్టుంటుంది. మడ్డి ఉన్నంత మేర నల్లగా, జిగురుగా అంటుకుని వస్తుంది. ఆ నలుపుని టేపుతో కొలవండి. నీళ్ల లోతు 5 అడుగులైతే, మడ్డీ పైన తేలే తెట్టూ కలిపి 20 అంగుళాలు, అంటే మూడో వంతు, చేరాక లాగించేయాలి. మామూలు ఇంటికి ఇది రెండు మూడేళ్లకోసారి వస్తుంది. ఇంకా వదిలేస్తే మడ్డి ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని పూడ్చేస్తుంది.

గుంటూరు వైపు నల్లరేగడిలో గుంత అసలే నెమ్మదిగా పీలుస్తుంది, వానకి నేల ఉబ్బితే ఇంకా మొరాయిస్తుంది. విజయవాడలో బుడమేరు పక్క పల్లపు కాలనీల్లో వానాకాలం ఊట పైకొస్తుంది. అప్పుడు లాగించినా నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికే. ఫైబర్ ట్యాంకైతే ఖాళీ అవగానే ఊటకి పైకి లేచే ప్రమాదమూ ఉంది. అందుకే మే నెలలోనే ఈ పని ముగించుకోండి.

యాసిడ్, ఫినాయిల్ బాటిళ్లకు బాటిళ్లు పోస్తే మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. బెల్లం, ఈస్టు, పేడ వేయక్కర్లేదు. వెట్ వైప్స్, ప్యాడ్లు మాత్రం ఎన్నేళ్లయినా కుళ్లవు.

లాగేటప్పుడు బయటికెళ్లే చోట ఉండే T ఆకారపు పైపు విరిగిందేమో టార్చి వేసి పైనుంచే చూడండి. అది లేకపోతే తెట్టు నేరుగా గుంతలోకి పోతుంది.

అడుగున గట్టిపడిన మడ్డి కోసం "మనిషిని దింపుదాం" అంటే ఒప్పుకోకండి. రక్షణ పరికరాలు లేకుండా దింపడం మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కాస్త ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. పడినవాణ్ణి తీయబోయినవాడూ అక్కడే పడతాడు. పైనుంచే పైపుతో నీళ్లు జోరుగా కొట్టించి, మడ్డి కదిలాక మళ్లీ లాగమనండి.