సెన్సర్ మార్చాలన్నారు, ఎర్రచుక్కలు మెనూలోనే పోయాయి

పని నిన్న రాత్రే అయిపోయింది కానీ కోపం మాత్రం తగ్గలేదు, అందుకే వెంటనే రాస్తున్నా.

విజయవాడలో ఒక హోటల్ వాళ్లు లాబీలో పెట్టడానికి ప్రకాశం బ్యారేజీ రాత్రి ఫొటో కావాలన్నారు, నాలుగడుగుల ప్రింటు. అసలే మే నెల, చీకటి పడ్డాక కూడా గట్టు సెగలు కక్కుతూనే ఉంది. ట్రైపాడ్ పెట్టి, లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద బొమ్మ చూస్తూ తీయడం) ఆన్‌లోనే ఉంచి, షట్టర్ 30 సెకన్లు తెరిచి ఉండే ఎక్స్‌పోజర్లు వరసగా తీశాను. ల్యాబ్‌లో పెద్దది చేసి చూస్తే కృష్ణ నీళ్ల మీద ఎర్రవి, నీలంవి చుక్కలు, అన్ని ఫ్రేముల్లోనూ అవే చోట్ల. జూమ్ చేస్తే ఫొటోతో పాటే కదులుతున్నాయి కాబట్టి మానిటర్ తప్పు కాదు. ఇంటికొచ్చి లెన్స్ క్యాప్ పెట్టి, వ్యూఫైండర్ మూసి 30 సెకన్లు తీస్తే నల్లటి ఫ్రేములో అవే చుక్కలు. హాట్ పిక్సెల్స్ అని, అంటే సెన్సర్‌లో (ఫొటో పట్టే చిప్‌లో) వెలుతురు లేకపోయినా వెలిగే చుక్కలని అక్కడే తేలిపోయింది.

డబ్బు తీసుకుని చేసే పని కదా, ఎందుకైనా మంచిదని కెమెరా రిపేర్ చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లా. (ఊరు, పేరు వద్దు.) నేను నోరు తెరవకముందే "డస్ట్ తమ్ముడూ, క్లీనింగ్ చేస్తే పోద్ది" అని బిల్లు రాసేశాడు. డస్ట్ అయితే నల్లగా, అంచులు మసకగా ఉంటుంది, ఎఫ్16లో, అంటే లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి ఆకాశం తీసినప్పుడు కనిపిస్తుంది, ఇది క్యాప్ పెట్టినా వెలుగుతోంది అన్నా, వెలుతురే లేని చోట దుమ్ము ఎలా మెరుస్తుందన్నా అని అడిగాను. షాపులో ఇంకో నలుగురు కస్టమర్లున్నారు. వాళ్ల వైపు తిరిగి "ఇప్పుడు అందరూ యూట్యూబ్ ఇంజినీర్లేనండీ" అన్నాడు, వాళ్లూ నవ్వారు. పెళ్లిళ్లు తీసి ఇల్లు నడుపుతున్నవాణ్ణి, నా చేతిలో కెమెరా గురించి నాకు తెలియదన్నట్టు మాట్లాడితే ఎలా ఉంటుంది! క్లీనింగ్ చేశాడు, చుక్కలు అక్కడే ఉన్నాయి. అప్పుడు మాట మార్చి సెన్సర్ పోయింది, మార్చాలి, బాడీ (లెన్స్ లేకుండా కెమెరా) ధరలో సగం అవుతుంది అన్నాడు. ఫలితం లేని పనికి క్లీనింగ్ డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. తెలియదని చెప్పడం నామోషీ కాదు, తెలియనిదానికి బిల్లు వేయడం తప్పు. ఈ మాట ఆయన మొహం మీదే చెప్పి వచ్చా.

అసలు సంగతి ఇది. వేడికి సెన్సర్‌లో వెలుతురు లేకపోయినా కొంచెం కరెంటు లీకవుతుంది, దాన్నే డార్క్ కరెంట్ అంటారు. వేడి సుమారు 6 నుంచి 8 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ అది రెట్టింపవుతుంది. కొన్ని పిక్సెళ్లలో ఈ లీకు మరీ ఎక్కువ, ఎక్స్‌పోజర్ పొడవైనా, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచినా అవే బయటపడతాయి. ప్రతి పిక్సెల్ మీదా ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒకే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి చుక్కకి ఆ రంగు వస్తుంది, జేపెగ్ అయ్యేసరికి అది పక్క పిక్సెళ్లకీ అంటుకుని పెద్దదవుతుంది.

నాది పాత కానన్ డీఎస్ఎల్ఆర్. లెన్స్ తీసి బాడీ క్యాప్ పెట్టి, ఫుల్ ఛార్జ్ బ్యాటరీతో మెనూలో మాన్యువల్ సెన్సర్ క్లీనింగ్‌లోకి వెళ్లి, ఒక నిమిషం అలాగే వదిలేసి, ఆఫ్ చేసి ఆన్ చేశా. కానన్ వాడేవాళ్లలో ఈ చిట్కా ఎప్పటినుంచో ఉంది, అన్ని మోడళ్లకీ పని చేస్తుందని మాత్రం హామీ ఇవ్వను. నా దాంట్లో చుక్కలు దాదాపు అన్నీ పోయాయి. కెమెరా ఆ పిక్సెళ్ల అడ్రసు గుర్తు పెట్టుకుని, ఇకమీదట చుట్టుపక్కల వాటి విలువతో ఆ చోటు నింపుతుంది, అంతే. ఒలింపస్‌లో పిక్సెల్ మ్యాపింగ్ అని, పానసోనిక్‌లో పిక్సెల్ రిఫ్రెష్ అని మెనూలోనే ఉంటుంది, కొన్ని నికాన్ జెడ్ కెమెరాల్లోనూ ఉంది.

అప్పటికే తీసిన ఫొటోల సంగతంటే, రా ఫైళ్లు (కెమెరా జేపెగ్‌గా మార్చకుండా దాచే ముడి ఫైళ్లు) లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే చాలావరకు అదే తుడిచేసింది. అది లేనివాళ్లకి ఉచితంగా దొరికే రాథెరపీ సాఫ్ట్‌వేర్‌లో హాట్ పిక్సెల్ ఫిల్టర్ ఉంది. జేపెగ్‌లే ఉంటే హీలింగ్ బ్రష్‌తో ఒక్కొక్కటీ చెరపాల్సిందే, కళ్లు పోతాయి. రా తీయని మా కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా వినరు!

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేస్తే కెమెరా షట్టర్ మూసి అంతేసేపు ఇంకో ఫ్రేము తీసి, అందులోని చుక్కల్ని మొదటి దాంట్లోంచి తీసేస్తుంది. 30 సెకన్లకి మరో 30 సెకన్లు ఆగాలి. ఓపిక ఉంటే బ్యారేజీ లాంటి చోట వాడండి, కదిలే కార్ల లైట్లు వరసగా తీసేటప్పుడు వద్దు, మధ్యలో గ్యాప్ వస్తుంది.

సెకండ్ హ్యాండ్ బాడీ కొనేటప్పుడు డబ్బిచ్చేముందే క్యాప్ పెట్టి 30 సెకన్ల ఫ్రేము ఒకటి తీసి, వంద శాతం జూమ్‌లో చూడండి. ఒకటి రెండు చుక్కలుంటే భయపడక్కర్లేదు, బేరానికి పనికొస్తాయి. అసలు తీయనివ్వకపోతే మాత్రం కొనకుండా వచ్చేయండి.